ఆల్చిప్ప అంటే ఏ ఆల్చిప్ప?

"ఆల్చిప్పల్లాంటి కళ్ళు" అంటాం. ఆ మాటలో ఉన్న చిప్ప చెరువుల్లో, పంట కాలవల్లో దొరికే మంచినీటి చిప్ప. కోలగా, నున్నగా ఉంటుంది, రెండు వైపులా ఒకే తీరు. దాని వీపును రాతి మీద అరగదీసి, కన్నం పడ్డాక ఆ అంచుతో మామిడికాయ చెక్కు తీసేవాళ్ళు మన ఊళ్ళలో. రెండోది ముత్యపు చిప్ప. స్వాతి చినుకు పడితే ముత్యం పుడుతుందని చెప్పుకునేది దాని గురించే. ఇక మూడోది ఉప్పుటేళ్ళలో రాళ్ళకీ వంతెన స్తంభాలకీ మడ చెట్ల వేళ్ళకీ అతుక్కుని పెరిగే మొరటు చిప్ప. దాన్ని కొట్టి తీసి, మాంసం వండుకుని తింటారు. దీన్నీ ఆలిచిప్ప, ఆలుచిప్ప, ఆల్చిప్ప అనే అంటారు.

మూడింటికీ ఒకే పేరు ఉన్నా ఇవి మూడు వేర్వేరు కుటుంబాల జీవులు. ఒకదాని గురించి చదివింది ఇంకోదానికి వర్తించదు. ఇంటర్నెట్‌లో తెలుగులో వెతికితే చిక్కు ఇంకా ముదురుతుంది. "ముత్యపు చిప్ప" అని కొడితే పుట్టగొడుగుల పెంపకం వస్తుంది, ఎందుకంటే ఆయిస్టర్ మష్రూమ్‌కి మనవాళ్ళు పెట్టిన పేరు ముత్యపు చిప్ప పుట్టగొడుగు. అందుకే ముందు పేర్ల సంగతి తేల్చి, తర్వాత కొనడం, విప్పడం, వండటం, పెంచడం చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా ఆ మూడోదాని గురించే.

దీని శాస్త్రీయ నామం ఇప్పుడు మగల్లానా బైలినియేటా. పాత పుస్తకాల్లో, ఇప్పటికీ చాలా మత్స్యశాఖ కరపత్రాల్లో క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అని కనిపిస్తుంది. రెండూ ఒకటే. 1916లో ప్రెస్టన్ అనే ఆయన మద్రాసు పేరు కలిపి దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. అప్పటికే 1798లో రోడింగ్ దీనికి బైలినియేటా అని పేరు పెట్టి ఉన్నాడని తర్వాత తేలింది. ముందు పెట్టిన పేరుదే హక్కు అన్నది జీవశాస్త్రంలో నియమం కాబట్టి మద్రాసు పేరు పోయింది. ఇండో పసిఫిక్ ప్రాంతపు చిప్పల్ని జన్యు పరీక్షల ఆధారంగా మగల్లానా అనే ప్రజాతిగా విడదీశాక ఇంటిపేరూ మారింది. ఈ మార్పుతో ఒక లాభం ఉంది. ఫిలిప్పీన్స్‌లో చెప్పు ఆకారంలో ఉంటుందని "స్లిప్పర్ ఆయిస్టర్" అని పిలుచుకుంటూ పెంచే చిప్ప, మన ఉప్పుటేటి చిప్ప ఒకే జాతి అని తెలిసింది. అక్కడివాళ్ళు ఆయిస్టర్‌ని తలబా అంటారు. వాళ్ళ పెంపకం అనుభవం మనకూ పనికొస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఇదే చిప్ప బయటి నుంచి వచ్చిన జాతిగా బయటపడింది. వాళ్ళు పెట్టిన పేరు బ్లాక్ స్కార్ ఆయిస్టర్, అంటే లోపల నల్ల మచ్చ ఉన్న చిప్ప. నా దృష్టిలో అన్ని పేర్లలోకీ పనికొచ్చే పేరు అదే. చేతిలో ఉన్న చిప్ప ఏదో ఆ మచ్చే చెప్పేస్తుంది.

ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇండియన్ బ్యాక్‌వాటర్ ఆయిస్టర్ అంటారు. తమిళంలో ఆళి. మన ఆలిచిప్పలోని ఆలికి అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. మలయాళంలో మురింగ, కడల్ మురింగ, మురు అంటారు. ఈ మురింగతో తెలుగువాళ్ళు కొంచెం జాగ్రత్త పడాలి. మలయాళంలో మునక్కాయ కూడా మురింగక్కాయే. కొల్లంలో హోటల్ పట్టికలో మురింగ అని చూసి సాంబారు ముక్క అనుకోవద్దు. ముందు "కడల్" అని ఉంటే అది సముద్రపుది. మరాఠీలో కాలవ అంటారు, అయితే ఆ తీరంలో ఎక్కువగా దొరికేది దీని దగ్గరి చుట్టమైన ఇంకో జాతి.

మన దగ్గర ఇంకో గందరగోళం గుల్లలతో. కాకినాడ వైపు బుడితగుల్ల అంటారే, అది రక్తం రంగు మాంసం ఉండే వేరే జీవి. రెండు చిప్పలూ సమానంగా, గీతలు గీతలుగా, గుండ్రంగా ఉంటాయి. అది బురదలో పాక్కుంటూ బతుకుతుంది, దేనికీ అతుక్కోదు. గుల్లను బురదలోంచి ఏరతాం. ఆలిచిప్పను రాతి మీంచి కొట్టి తీయాలి. గుల్ల వేడి తగలగానే బార్లా తెరుచుకుంటుంది. ఆలిచిప్ప వేడికి ఒక సన్న చీలిక ఇచ్చి ఊరుకుంటుంది, మిగతాది కత్తితో మనం తెరవాలి. ఈ తేడా తెలియక గుల్లల లెక్కన ఉడకబెట్టి, తెరుచుకోలేదని మంచి చిప్పల్ని పారేసేవాళ్ళు ఉన్నారు. కాకినాడ అఖాతంలోనే పల్చగా, అద్దంలా వెలుగు దాటే చిప్ప కూడా దొరుకుతుంది. పాత రోజుల్లో కిటికీలకు అద్దాల బదులు బిగించేవాళ్ళు. దాన్నీ ఇంగ్లిష్‌లో ఆయిస్టర్ అనే అంటారు గానీ మాంసం కోసం కొనే సరుకు కాదది.

కేరళ అష్టముడి సరస్సు పేరు వినగానే "అక్కడి ఆయిస్టర్లకి అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది కదా" అనేవాళ్ళు కనిపిస్తారు. వనరు తరిగిపోకుండా సాగే వేటకి గుర్తింపునిచ్చే మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువపత్రం 2014లో వచ్చింది అక్కడి గుల్లల వేటకి, ఈ చిప్పకి కాదు.

ఇక చిప్పను చేతిలోకి తీసుకుందాం. బయట బూడిద రంగు, మట్టి, నాచు, మీద బార్నకిల్స్ (రాళ్ళకీ పడవలకీ అతుక్కుని పెరిగే చిన్న పెంకు జీవులు). ఆకారానికి ఒక పద్ధతంటూ ఉండదు. ఒంటరిగా పెరిగితే కోలగా, గుంపులో ఇరుక్కుని పెరిగితే సన్నగా పొడుగ్గా అవుతుంది. ఎడమ చిప్ప లోతైన దొప్ప. రాతికి అతుక్కునేది అదే. కుడి చిప్ప చదునుగా, దొప్ప మీద మూతలా కూర్చుంటుంది. రెండూ కలిసే మొన వైపు చిన్న కీలు ఉంటుంది. విప్పి చూస్తే లోపల పింగాణీ తెలుపు. ముత్యపు చిప్పలో కనిపించే ఇంద్రధనుస్సు మెరుపు ఇందులో ఉండదు. ఆ మెరుపు పొర లేదు కాబట్టే దీనిలో నగకి పనికొచ్చే ముత్యం పుట్టదు. 1973లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పండించిన ముత్యాలు పింక్టాడా అనే వేరే చిప్పవి. తెల్లటి లోపలి గోడ మీద, కీలుకి దూరంగా, మూత్రపిండం ఆకారంలో ముదురు ఊదా మచ్చ ఒకటి కనిపిస్తుంది. చిప్పను మూసి పట్టుకునే కండ అతుక్కున్న చోటు అది. లోపలి అంచు చుట్టూ కూడా నలుపు తిరిగిన ఊదా రంగు ఉంటుంది.

విశాఖ తీరంలో అలలు కొట్టే రాళ్ళ మీద పెరిగే చిన్న చిప్ప దీనితో కలిసిపోయే అవకాశం ఉంది. అది రాతి చిప్ప, సాకోస్ట్రియా. దాని అంచు రంపపు పళ్ళలా మెలికలు తిరిగి ఉంటుంది. లోపల కీలుకి రెండు పక్కలా గోటితో తడిమితే ఆవగింజల్లాంటి చిన్న గుబ్బలు తగులుతాయి. ఉప్పుటేటి చిప్పకి అవి ఉండవు, అంచు లోపల నున్నగా ఉంటుంది. రాతి చిప్ప కూడా తినేదే, రుచి ఇంకాస్త గాఢం. కానీ చిన్నది. తవ్వి తీసిన శ్రమకి దక్కే మాంసం తక్కువ.

కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, బతికి ఉందా లేదా అని. బతికున్న చిప్ప గట్టిగా మూసుకుని ఉంటుంది. కొంచెం తెరుచుకుని ఉంటే వేలితో తట్టండి. మూసుకుంటే సరే, మూసుకోకపోతే పక్కన పెట్టేయండి. మూసి ఉన్నంత మాత్రాన కూడా మంచిదని కాదు. రెండు చిప్పల్ని ఒకదానికొకటి తాటించి వినండి. నిండుగా ఉన్నవి రెండు గులకరాళ్ళు తగిలినట్టు మోగుతాయి. డొల్ల శబ్దం వస్తే లోపలి నీరు కారిపోయి ఎండిపోయింది. పరిమాణానికి మించి బరువుగా ఉండి మొద్దు శబ్దం వస్తే, చచ్చిపోయాక లోపల బురద నిండిందన్నమాట. అలాంటిది ఒక్కటి గిన్నెలో పగిలితే మొత్తం కూర పోతుంది.

ఎంత కొనాలి? చిప్పతో కలిపిన బరువులో మాంసం 8 నుంచి 10 శాతం మాత్రమే. కిలో చిప్పలు కొంటే 80 నుంచి 100 గ్రాములు దక్కుతుంది. నలుగురికి పావుకిలో మాంసం కావాలంటే మూడు కిలోలు తెచ్చుకోవాలి. రొయ్యల లెక్కన కిలో తెచ్చుకుని నిరాశపడొద్దు.

మాంసం నాణ్యత కాలాన్ని బట్టి మారుతుంది. గుడ్లు విడవడానికి ముందు కడుపు వెన్నలా, మీగడ రంగులో ఉబ్బి ఉంటుంది, కత్తి మొన తగిలితే పాలలాంటి ద్రవం కారుతుంది. చెడిపోయిందేమో అని భయపడొద్దు, ఇదే మంచి దశ. గుడ్లు విడిచాక అదే చిప్పలో నీళ్ళోడుతూ, పారదర్శకంగా, ముడుచుకున్న మాంసం ఉంటుంది. వండితే చిటికెడవుతుంది. అందుకని పెద్దమొత్తంలో కొనే ముందు ఒకటి రెండు విప్పించి చూడటం ఉత్తమం. వరద నీరు ఉప్పుటేటిలోకి దిగిన తర్వాతి రోజుల్లో కొనకపోవడమే మంచిది. ఆ నీరు పట్టణాల మురుగును వెంటబెట్టుకుని వస్తుంది.

ఇంటికి తెచ్చాక మంచినీళ్ళ బకెట్‌లో వేయడం అందరూ చేసే తప్పు. ఉప్పుటేటి నీటికి అలవాటు పడ్డ జీవి మంచినీళ్ళలో తట్టుకోలేదు, చచ్చి కుళ్ళు మొదలవుతుంది. ప్లాస్టిక్ కవర్లో గాలాడకుండా కట్టినా అంతే. దొప్ప కిందికి, మూత పైకి ఉండేలా పళ్ళెంలో పేర్చి, తడిపి పిండిన గోనెగుడ్డ కప్పి చల్లని చోట పెట్టండి. దొప్ప కిందికి ఎందుకంటే, దానిలోని ఉప్పునీరే దాని ప్రాణం. తిరగేస్తే అది కారిపోతుంది. ఐస్ మీద పెట్టాల్సి వస్తే కరిగిన నీళ్ళలో చిప్పలు నానకుండా కింద చిల్లుల పళ్ళెం ఉండాలి. ఆ రోజే వండేస్తే ఏ గొడవా ఉండదు.

పచ్చిగా తినే విషయం సూటిగా చెప్పాలి. విదేశీ వీడియోల్లో నిమ్మరసం పిండి పచ్చిది మింగడం చూసి మన ఉప్పుటేటి చిప్పతో అలా చేయొద్దు. ఇది నీటిని వడగట్టి బతికే జీవి. పగలూ రాత్రీ నీటిని లోపలికి లాగి, మొప్పలతో వడగట్టి, పట్టిన నలకలన్నీ తింటుంది. నీటిలో ఉన్న విబ్రియో బ్యాక్టీరియా, నోరోవైరస్, హెపటైటిస్ ఎ వైరస్ అన్నీ దాని ఒంట్లో పోగుపడతాయి. నిమ్మరసం, వెనిగర్, మిరియాలు వీటిని చంపవు. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్ళకి, గర్భిణులకి పచ్చి చిప్ప ప్రాణాంతకం కావచ్చు. రొయ్యలు, పీతలు పడనివాళ్ళు ఉడికించినది కూడా జాగ్రత్తగానే చూసుకోవాలి.

అమ్మకానికి పెట్టేవాళ్ళు చిప్పల్ని శుభ్రపరిచే పద్ధతి ఒకటి ఉంది. వడగట్టిన ఉప్పునీరు నెమ్మదిగా పారే తొట్టెలో 24 గంటలు ఉంచుతారు. అందులో మేత ఉండదు కాబట్టి కడుపులోని మలినం బయటికి వదిలేస్తుంది. 12 గంటలకి ఒకసారి తొట్టె ఖాళీ చేసి, చిప్పల్ని నీటి ధారతో కడిగి, మళ్ళీ నింపుతారు. చివర్లో లీటరుకి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ కలిపిన నీటిలో గంటసేపు ఉంచి, మళ్ళీ శుభ్రమైన ఉప్పునీటితో కడుగుతారు. ఇది బ్యాక్టీరియాను బాగా తగ్గిస్తుంది, వైరస్‌లు అంత సులువుగా పోవు. సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఇది కడగలేదు, పొయ్యీ కాల్చలేదు. కొన్ని సముద్రపు నాచుల విషం కూడా అంతే, ఉడికించినా పోదు. 1997లో కేరళలోని విళింజంలో వీటిలాగే రెండు చిప్పలుండే మస్సెల్స్ అనే జీవుల్ని తిని మనుషులు చనిపోయింది అలాంటి విషంతోనే. నీటి రంగు ఎర్రగానో పచ్చగానో తిరిగిన రోజుల్లో, చేపలు తేలిన రోజుల్లో, ఓడరేవుల పక్కనా, ఫ్యాక్టరీ కాలవ కలిసే చోటా ఏరిన చిప్ప ఎంత కడిగినా ఎంత ఉడికించినా తినొద్దు.

విప్పడం సులువుగా అయ్యే దారి ఆవిరి. ముందు గట్టి బ్రష్‌తో, పారే నీటి కింద బయటి బురదంతా రుద్ది పోగొట్టాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ ఇసుకంతా తర్వాత పంటి కిందికి వస్తుంది. ఇడ్లీ కుక్కర్ అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, నీళ్ళు మరిగాక చిప్పల్ని దొప్ప కిందికి ఉండేలా ఒకే వరసలో పేర్చండి. గుట్టగా పోస్తే మధ్యలోవి ఉడకవు. 5 నుంచి 8 నిమిషాల్లో అంచున సన్న చీలిక వస్తుంది. అలా చీలినవాటిని తీసి పెట్టుకోండి. ఇంకో రెండు మూడు నిమిషాలకి కూడా అసలు చలనం లేనివి, కత్తి పెడితే కూడా సడలనివి వదిలేయండి.

ఇప్పుడు కత్తి పని. పదునైన కూరగాయల కత్తి వద్దు, అది చిప్ప మీద జారి అరచేతిలోకి దిగుతుంది. పొట్టిగా, మందంగా, మొద్దు అంచుతో ఉన్న కత్తి కావాలి. ఎడమ చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, ఆ చిప్ప అంచు బ్లేడుతో సమానం. దొప్ప కిందికి, కీలు మీ వైపుకి ఉండేలా పట్టుకుని, చీలికలోకి కత్తి దూర్చి, బ్లేడు పై చిప్పకి ఆనించి పక్కకి లాగండి. కీలు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కండ తగులుతుంది. అది తెగగానే మూత చేతిలోకి వచ్చేస్తుంది. తర్వాత బ్లేడును మాంసం కిందికి పోనిచ్చి దొప్ప వైపు కండను కూడా గీరి తెంపాలి. ఇది మర్చిపోయి మాంసాన్ని వేళ్ళతో లాగితే రెండు ముక్కలై కడుపు పగులుతుంది. ఆవిరి పెట్టకుండా విప్పాలంటే కీలు సందులో కత్తి మొన గుచ్చి తాళంచెవిలా తిప్పాలి. ఉప్పుటేటి చిప్పల్లో చాలావాటికి ఆ కీలు బురద గడ్డల కింద కనిపించనే కనిపించదు. అప్పుడు ఎదుటి కొసన పల్చటి అంచును పటకారుతో కాస్త విరిచి, ఆ కన్నంలోంచి కత్తి పోనివ్వాలి. ఇలా చేసినప్పుడు పెంకు ముక్కలు మాంసంలో పడతాయి. దొప్పలోని ఉప్పురసం పారబోయకుండా పల్చటి గుడ్డలో వడగట్టి దాచుకోండి, ఆ రసంలోనే మాంసాన్ని ఒకసారి జాడిస్తే ముక్కలు కిందికి దిగుతాయి. పంపు కింద పెట్టి కడిగితే రుచంతా మోరీలోకి పోతుంది.

వేపుడు కొలతలు. పావుకిలో మాంసానికి రెండు మీడియం ఉల్లిపాయలు సన్నగా తరిగినవి, చీల్చిన పచ్చిమిర్చి నాలుగు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, పసుపు పావు చెంచా, కారం ఒకటిన్నర చెంచా, ధనియాల పొడి ఒక చెంచా, దంచిన మిరియాలు అర చెంచా, కరివేపాకు రెండు రెబ్బలు, నూనె మూడు పెద్ద చెంచాలు. ఉప్పు ఇప్పుడే వేయొద్దు.

వడగట్టిన రసంలో మాంసం వేసి, పసుపు కలిపి, మరుగు వచ్చాక కనీసం మూడు నిమిషాలు ఉడకనివ్వండి. పచ్చిగా విప్పినవాటికి ఈ మూడు నిమిషాలు తప్పనిసరి. ఆవిరి పెట్టినవి కూడా ఒకసారి మరగనిస్తే ధీమా. అంచులు ముడతలు పడి, మధ్యలో ఉబ్బి, ముద్దలా గట్టిపడగానే చిల్లుల గరిటెతో తీసేయండి. రసం పారబోయొద్దు. వేరే మూకుట్లో నూనె కాగాక కరివేపాకు, మిర్చి, ఉల్లిపాయ వేసి ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోయాక కారం, ధనియాల పొడి, రెండు గరిటెల ఆ రసం పోసి, నూనె పైకి తేలేదాకా దగ్గరపడనివ్వాలి. అప్పుడు మాంసం వేసి పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు, అంతే. మిరియాలు చల్లి, ఉప్పు చూసి దించేయండి. సగంసార్లు ఉప్పు అవసరమే పడదు, ఎండాకాలపు చిప్పలైతే రసమే ఎక్కువ ఉప్పగా ఉంటుంది.

ఇందులో జరిగే పొరపాటు ఒకటే, ఎక్కువసేపు వేయించడం. మటన్‌లా ఉడికేకొద్దీ మెత్తబడే మాంసం కాదిది. మొదటి ఐదారు నిమిషాల్లో మెత్తగా ఉంటుంది, తర్వాత నీరంతా వదిలి రబ్బరవుతుంది. పులుసు పెట్టాలన్నా ఇదే సూత్రం. చింతపండు రసం, ఉల్లి, టమాట అన్నీ ఉడికి చిక్కబడ్డాక, దించే మూడు నిమిషాల ముందు ఉడికించి పెట్టుకున్న మాంసం వేయాలి. పచ్చి మామిడికాయ ముక్కలతో కూడా బాగా కుదురుతుంది.

పెంపకం విషయంలో మన తీరం వెనకబడి ఉండటం బాధ కలిగిస్తుంది. ఈ దేశంలో మొదటి ప్రయత్నాల్లో ఒకటి జరిగింది మన సరిహద్దు పులికాట్ సరస్సులోనే. 1910లో మద్రాసు మత్స్యశాఖ అధికారి జేమ్స్ హోర్నెల్, ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్‌లో చూసొచ్చిన పద్ధతిని అక్కడ ప్రయత్నించాడు. కప్పు పెంకులకి సున్నం పూసి నీటిలో పేర్చడం ఆ పద్ధతి. ఈదే పిల్లలు ఆ సున్నం మీద అతుక్కుంటాయి. కాస్త పెరిగాక సున్నం పొరతో సహా రేకులా ఊడదీయొచ్చు. సున్నం లేకుండా నేరుగా పెంకుకి అతుక్కుంటే ఊడదీసేటప్పుడు పిల్ల దొప్ప పగిలిపోతుంది. పెంకుల ఖర్చు లేకుండా ఇదే పనిని తాడుకి గుచ్చిన ఖాళీ చిప్పలతో చేయడం తర్వాతి కాలంలో వచ్చింది. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970ల నుంచి చేసిన పరిశోధన, 1990ల్లో కేరళ అష్టముడిలో పల్లె మహిళల చేతికి చేరింది. భీమిలి దగ్గర గోస్తనీ మొగలోనూ, కాకినాడ ఉప్పుటేళ్ళలోనూ ఈ చిప్ప సహజంగా పెరుగుతుంది. జాతి ఉంది, నీరు ఉంది, పద్ధతి రాసిపెట్టి ఉంది.

అష్టముడి పద్ధతిని రెన్ అంటారు. 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడుకి ఐదారు ఖాళీ ఆలిచిప్పల్ని, నడుమ కన్నం చేసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో గుచ్చుతారు. ఇలాంటి 300 తాళ్ళు, 5 మీటర్ల పొడవు 5 మీటర్ల వెడల్పు వెదురు లేదా సరుగుడు పందిరికి వేలాడతాయి. పాటు వచ్చి నీరు బాగా తగ్గినప్పుడు కూడా ఒకటి ఒకటిన్నర మీటరు లోతు ఉండాలి, తాడు కొస బురదకి తగలకూడదు. తగిలితే పీతలకీ, వేటాడే నత్తలకీ మనమే నిచ్చెన వేసినట్టు. మండ పీత చిన్న చిప్పల్ని గుటుక్కున నలిపేస్తుంది.

ఖాళీ చిప్పల్ని గుచ్చేటప్పుడు లోపలి నున్నటి వైపు కిందికి ఉంటే మంచిది, ఒండ్రు పేరుకోదు. తాళ్ళు నీటిలో వేసే తేదీ మీదే పంట ఆధారపడి ఉంటుంది. ఈ చిప్ప గుడ్లనూ వీర్యాన్నీ నీటిలోకే వదిలేస్తుంది. పుట్టిన పిల్ల రెండు మూడు వారాలు నీటిలో ఈదుతుంది. కంటి చుక్క ఏర్పడి, పాదం లాంటి అవయవం వచ్చాక గట్టి ఆసరా వెతుక్కుని ఒకసారి అతుక్కుందంటే ఇక జీవితాంతం కదలదు. కాబట్టి గుడ్లు విడిచిన ఉధృతి దాటిన 7 నుంచి 10 రోజులకి తాళ్ళు వేయాలి. నెల ముందే వేస్తే ఒండ్రూ నాచూ పట్టి, బార్నకిల్స్ చోటు ఆక్రమిస్తాయి, మన పిల్లలకి ఖాళీ ఉండదు. ఆలస్యం చేస్తే నీటిలో పిల్లలే మిగలవు. తేదీ తెలుసుకునే మార్గం, వారానికి పది చిప్పలు విప్పి కడుపు చూడటం. మీగడ కడుపులు ఒక్కసారిగా ఖాళీ అయి నీళ్ళోడుతున్నాయంటే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. అష్టముడిలో ఇది నవంబరు, డిసెంబరు ప్రాంతం. మన తీరంలో వానలు, వరదలు వేరే నెలల్లో వస్తాయి కాబట్టి ఆ క్యాలెండర్‌ని అలాగే దించుకోకూడదు, మన ఉప్పుటేటి చిప్పనే విప్పి చూసుకోవాలి.

ఒక్కో ఖాళీ చిప్ప మీద పది పదిహేను పిల్లలు పడితే చక్కటి పంట. మరీ ఎక్కువ పడితే ఒకదాన్నొకటి నొక్కుకుని సన్నటి గొట్టాల్లా పెరుగుతాయి, విప్పడానికి కష్టం, మాంసం తక్కువ. ఏడెనిమిది నెలల్లో 6 సెంటీమీటర్లు దాటుతాయి. అష్టముడిలో జూన్ వానలకి ముందే, మేలోగా కోసేస్తారు. వాన నీటితో సరస్సు తియ్యబడిపోతే మొత్తం పంట పోతుంది. ఈ చిప్ప లీటరు నీటికి 10 గ్రాముల నుంచి 35 గ్రాముల ఉప్పు దాకా తట్టుకుంటుంది. వరద వచ్చిన రెండు మూడు రోజులు నోరు మూసుకుని ఓర్చుకుంటుంది. అంతకన్నా తక్కువ ఉప్పదనం వారాల తరబడి నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది. మొదటిసారి స్థలం చూసేవాళ్ళు ఎండాకాలంలో వెళ్ళి ఉప్పు కొలిచి సంతోషపడి వచ్చేస్తారు. కొలవాల్సింది వరద రోజుల్లో, అదీ పైపైన కాదు, తాడు వేలాడే లోతులో. మంచినీరు తేలిక, పైన తేలుతుంది. అడుగున ఉప్పునీరు నిలిస్తే పైన కొలిచిన అంకె చూసి మంచి స్థలాన్ని వదిలేసుకుంటాం. పైనుంచి కిందిదాకా తియ్యబడే స్థలమైతే ఎంత చవకగా దొరికినా వద్దు.

తిన్న తర్వాత మిగిలే చిప్పల గుట్ట చెత్త కాదు. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. సున్నం బట్టీల్లో గుల్ల సున్నం కాల్చేది ఇలాంటి చిప్పల్నీ గుల్లల్నీ పోగేసే. పెంపకం చేసేవాళ్ళకైతే ఆ గుట్టే మరుసటి ఏడాది తాళ్ళకి గుచ్చే సరుకు. 300 తాళ్ళకి తాడుకి ఐదు చొప్పున 1,500 కావాలి. వండిన చిప్పల్ని అలాగే దాచితే కండ ముక్క కుళ్ళి ఈగలు ముసురుతాయి. గీరి, కడిగి, నాలుగు వారాలు ఎండలో ఆరబోసి, గోనెసంచుల్లో కట్టి పెట్టుకోవాలి. పల్చటి మూతల్ని బట్టీకి వేసేసి, కన్నం పెడితే పగలని దొప్పల్ని మాత్రమే తాడుకి ఏరుకోవాలి.